హెచ్‌ఎల్‌ఏ లేని కణాన్ని ఎన్‌కే కణం చంపుతుందంటే, ఎర్ర రక్తకణాలు ఎలా బతుకుతున్నాయి?

ప్రశ్న

నేను డిగ్రీ విద్యార్థులకు జీవశాస్త్రం బోధిస్తున్నాను. సహజ హంతక కణాల గురించి, అంటే ఎన్‌కే కణాల గురించి చెప్పవలసి వచ్చినప్పుడల్లా పాఠ్యపుస్తకంలోని మాటలనే ఏళ్ల తరబడి అప్పజెబుతూ వచ్చాను. ఆరోగ్యంగా ఉన్న కణం తాను ఈ శరీరానిదేనని తెలిపే గుర్తులైన ఒకటో తరగతి హెచ్‌ఎల్‌ఏ అణువులను తన పొర మీద ప్రదర్శిస్తుందనీ, వైరస్ సోకినప్పుడో క్యాన్సర్‌గా మారినప్పుడో అవి తగ్గిపోతాయనీ, అవి కనిపించని కణాన్ని ఎన్‌కే కణం చంపేస్తుందనీ చెప్పేవాణ్ని. ఈసారి ఒక విద్యార్థిని లేచి, ఎర్ర రక్తకణాల మీద హెచ్‌ఎల్‌ఏ దాదాపు ఉండదు కదా, రక్తంలో ఎన్‌కే కణాలను రాసుకుంటూ తిరిగే ఆ కణాలు 120 రోజులు ఎలా బతుకుతున్నాయి అని అడిగింది. నా దగ్గర సమాధానం లేకపోయింది.

ఆ తరువాత చదవడం మొదలుపెడితే సందేహాలు తీరకపోగా మరో రెండు వచ్చి చేరాయి. హెచ్‌ఎల్‌ఏను గుర్తుపట్టే కేఐఆర్ గ్రాహకాల జన్యువులు 19వ క్రోమోజోమ్ మీద ఉంటాయి, హెచ్‌ఎల్‌ఏ జన్యువులేమో 6వ క్రోమోజోమ్ మీద ఉంటాయి. ఇవి రెండూ తల్లిదండ్రుల నుంచి వేర్వేరుగా సంక్రమిస్తాయి కనుక, ఒక మనిషిలో ఉన్న కేఐఆర్‌కు జోడు కావలసిన హెచ్‌ఎల్‌ఏ ఆ మనిషి ఒంట్లోనే లేకపోవచ్చు. అటువంటి గ్రాహకాన్ని మాత్రమే ధరించిన ఎన్‌కే కణానికి సొంత శరీరమంతా శత్రువుగానే కనిపించాలి కదా? రెండోది, హెచ్‌ఎల్‌ఏ తగ్గితే ఎన్‌కే కణాలు పట్టుకుంటాయన్నప్పుడు, ఇన్ని కోట్ల సంవత్సరాల పరిణామం తరువాత కూడా వైరస్‌లు దానిని తగ్గిస్తూనే ఎందుకు ఉన్నాయి? సైనికుల కథలూ పోలీసుల ఉపమానాలూ నేనే చాలా చెప్పాను. దయచేసి అసలు యంత్రాంగం ఎలా పనిచేస్తుందో వివరించండి.

మొదటి సమాధానం: ఎన్‌కే కణాల మీద ప్రయోగశాలలో పనిచేస్తున్నవారు

మీ విద్యార్థిని సరైన చోటే వేలు పెట్టింది. పుస్తకంలోని ఆ వాక్యం అబద్ధం కాదు, కానీ సగమే నిజం. హెచ్‌ఎల్‌ఏ లేకపోవడం అన్నది చంపమని వచ్చే ఆజ్ఞ కాదు, చంపవద్దని అడ్డుపడే చెయ్యి తొలగిపోవడం మాత్రమే. చెయ్యి తొలగినా, ముందుకు నెట్టే బలం ఒకటి ఉంటే తప్ప ఎన్‌కే కణం కదలదు. ఎర్ర రక్తకణం మీద ఆ నెట్టే బలాన్ని ఇచ్చే అణువులు చెప్పుకోదగినంతగా ఉండవు. దానికి కేంద్రకం లేదు కనుక, వైరస్ సోకినప్పుడు కొత్త జన్యువులను చదివి ఆపద సంకేతాలను పైకి పంపే అవకాశం కూడా దానికి లేదు. తక్కెడలో రెండు పళ్ళేలూ ఖాళీగా ఉంటే ముల్లు కదలదు.

ఈ సగం నిజం పుస్తకాల్లో ఎందుకు పాతుకుపోయిందో తెలియాలంటే చరిత్ర కొంచెం చెప్పాలి. 1971లో గుస్తావో కుడ్కోవిచ్, మైకేల్ బెన్నెట్ ఒక వింతను వివరంగా నమోదు చేశారు. రెండు వేర్వేరు ఎలుక జాతులకు పుట్టిన సంకర సంతానానికి ఆ తల్లిదండ్రులలో ఒకరి ఎముక మూలుగను ఎక్కిస్తే, సంతానం దానిని తిరస్కరించింది. అవయవ మార్పిడి సూత్రాల ప్రకారం ఇది జరగకూడదు, ఎందుకంటే తల్లిదండ్రుల అణువులన్నీ పిల్లలకు ఉన్నవే, వారికి పరాయిది అంటూ ఆ మూలుగలో ఏమీ లేదు. 1975లో స్టాక్‌హోమ్‌లోని కరోలిన్‌స్కా సంస్థలో రోల్ఫ్ కీస్లింగ్, ఎవా క్లైన్, హాన్స్ విగ్జెల్, అదే కాలంలో అమెరికాలో రోనాల్డ్ హెర్బర్‌మన్ బృందం, ముందుగా ఏ టీకా గానీ పరిచయం గానీ అవసరం లేకుండానే కంతి కణాలను చంపే లింఫోసైట్లు ఉన్నాయని చూపించారు. ‘సహజ’ అనే విశేషణం అక్కడి నుంచే వచ్చింది. అయితే అవి దేనిని చూసి చంపుతున్నాయో అప్పట్లో ఎవరికీ అంతుబట్టలేదు. అందరూ శత్రువు మీద ఉండే ఏదో ఒక గుర్తు కోసమే వెతికారు.

ప్రశ్నను తిరగేసినవాడు క్లాస్ కారె. ఎన్‌కే కణం ఉన్నదానిని కాక లేనిదానిని గమనిస్తోందేమో అన్న ఆలోచనను ఆయన 1981లో తన పరిశోధన వ్యాసంలో ముందుకు తెచ్చారు. 1986లో సహచరులతో కలిసి ప్రచురించిన ప్రయోగం దానికి బలమిచ్చింది. ఆర్‌ఎమ్‌ఏ అనే ఎలుక లింఫోమా కణాలూ, వాటి నుంచే వచ్చి ఒకటో తరగతి ఎమ్‌హెచ్‌సి అణువులను (మన హెచ్‌ఎల్‌ఏకు ఎలుకల్లో సాటి అయినవాటిని) దాదాపు కోల్పోయిన ఆర్‌ఎమ్‌ఏ–ఎస్ కణాలూ వారి దగ్గర ఉన్నాయి. ఎలుకలకు ఎక్కించినప్పుడు మొదటివి పెరిగి కంతులయ్యాయి, రెండోవి నిర్మూలమయ్యాయి. ఆ ఎలుకలలోని ఎన్‌కే కణాలను ముందే తొలగించినప్పుడు మాత్రం రెండోవి కూడా పెరిగాయి. ‘సొంత గుర్తు లోపించడం’ అనే సిద్ధాంతం ఇలా నిలబడింది, సంకర ఎలుకల వింతకు కూడా అదే సమాధానమయింది. తల్లి మూలుగలో తండ్రి గుర్తు లేదు, ఆ లోపాన్నే సంతానం పట్టుకుంది. 1992లో వేన్ యోకోయామా బృందం ఎలుకల్లో ఎల్‌వై49ఎ అనే నిరోధక గ్రాహకం ఎమ్‌హెచ్‌సిని గుర్తించి చంపడాన్ని ఆపుతుందని చూపించింది. మనుషుల్లో ఆ పనిని కేఐఆర్ కుటుంబం చేస్తుంది. ఎల్‌వై49, కేఐఆర్ నిర్మాణంలో ఒకదానికొకటి ఏ పోలికా లేని ప్రోటీన్లు. ఒకే అవసరానికి రెండు జీవజాతులు రెండు వేర్వేరు పనిముట్లను తయారు చేసుకున్నాయన్నది నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఇక రెండో పళ్ళెం సంగతి. ఎన్‌కే కణం మీద ప్రేరేపించే గ్రాహకాలు అనేకం ఉంటాయి. వాటిలో బాగా అర్థమైనది ఎన్‌కేజీ2డి. అది మనుషుల్లో మైకా, మైక్‌బీ అనే అణువులనూ, యూఎల్‌బీపీ కుటుంబానికి చెందిన అణువులనూ పట్టుకుంటుంది. ఇవి చూడటానికి హెచ్‌ఎల్‌ఏకు దూరపు బంధువులు, కానీ టీ కణాలకు (వైరస్ ముక్కలను గుర్తుపట్టే మరో రకం తెల్ల రక్తకణాలకు) చూపించే పెప్టైడ్ ముక్కను, అంటే చిన్న ప్రోటీన్ ముక్కను, మోయవు. ఆరోగ్యంగా ఉన్న కణాల మీద ఇవి ఎక్కువగా కనిపించవు. డీఎన్‌ఏ దెబ్బతిన్నప్పుడు కణం లోపల మేల్కొనే ఏటీఎమ్, ఏటీఆర్ అనే ఎంజైముల మార్గం వీటిని పైకి తెస్తుందని 2005లో తేలింది. అంటే కణం తన డీఎన్‌ఏను మరమ్మతు చేసుకునే ప్రయత్నంలోనే, తాను ఆపదలో ఉన్నానని బయటికి కూడా తెలియజేస్తుంది. క్యాన్సర్‌గా మారుతున్న కణంలోనూ, అనేక వైరస్‌లు సోకిన కణంలోనూ ఈ మార్గం మేల్కొంటుంది. ఎన్‌కే కణానికి ఏ వైరస్ సోకిందో, ఏ జన్యువు చెడిందో తెలియదు. కణం ఒత్తిడిలో ఉన్నదన్న వార్త మాత్రమే దానికి అందుతుంది. ఎన్‌కేపీ46, ఎన్‌కేపీ30 వంటి ఇతర గ్రాహకాలు కూడా ఇదే పళ్ళెంలో బరువు వేస్తాయి.

ఇక్కడ మరో చిక్కు ఉంది, దీనిని తరగతిలో తప్పక చెప్పవలసిందని నా అభిప్రాయం. విశ్రాంతిగా ఉన్న మానవ ఎన్‌కే కణంలో ఈ ప్రేరక గ్రాహకాలలో ఏ ఒక్కటీ సాధారణంగా ఒంటరిగా హత్యకు దారి తీయలేదు. ఎన్‌కేజీ2డితో పాటు 2బీ4 వంటి మరొకటి కలిసినప్పుడే చంపే ప్రోటీన్లు నిండిన కణికలు విడుదలవుతాయి. దీనికి ముఖ్యమైన మినహాయింపు సీడీ16. అది లక్ష్యకణానికి అంటుకున్న యాంటీబాడీల తోకలను పట్టుకుంటుంది, తానొక్కటే కణాన్ని కదిలించగలదు. రిటుక్సిమాబ్ వంటి యాంటీబాడీ మందుల ప్రభావంలో కొంత భాగం ఈ దారిలోనే వస్తుంది.

నిరోధక గ్రాహకం ఎలా ఆపుతుందంటే, దాని తోకలో ఐటిమ్ అనే చిన్న వరుస ఉంటుంది. హెచ్‌ఎల్‌ఏ తగలగానే దానికి ఫాస్ఫేటు చేరి, ఎస్‌హెచ్‌పీ–1 అనే ఎంజైమును దగ్గరికి లాక్కుంటుంది. ఆ ఎంజైము ప్రేరక సంకేతాన్ని తొలి మెట్టు దగ్గరే, వావ్1 అనే ప్రోటీన్ మీది ఫాస్ఫేటును కోసివేసి, తెంచేస్తుంది. ఈ తెంపు స్పర్శ జరిగిన చోటికే పరిమితం. అందువల్ల ఒకే ఎన్‌కే కణం ఒకే సమయంలో ఇద్దరిని ఆనుకుని ఉన్నప్పుడు, ఒక పక్కన హెచ్‌ఎల్‌ఏ ఉన్న కణాన్ని వదిలి, రెండో పక్కన అది లేని కణాన్ని చంపగలదు.

రెండో సమాధానం: మూలుగ మార్పిడి విభాగంలో పనిచేసే వైద్యురాలు

పై సమాధానం ఎర్ర రక్తకణాల సందేహాన్ని తీర్చింది. కానీ రెండో ప్రశ్నకు, అంటే జోడు లేని కేఐఆర్ సంగతికి, తక్కెడ ఒక్కటే చాలదు. తక్కెడ ముల్లు ఎక్కడ నిలబడాలన్నదే కణానికి కణానికీ వేరుగా ఉంటుంది.

ముందు మీ ఊహ నిజమేనని చెప్పాలి. జోడు లేని కేఐఆర్ అరుదు కాదు. హెచ్‌ఎల్‌ఏ–సి అణువులను కేఐఆర్‌లు సీ1, సీ2 అనే రెండు గుంపులుగా చూస్తాయి. కేఐఆర్2డీఎల్1 అనే గ్రాహకానికి సీ2 కావాలి. ఇద్దరు తల్లిదండ్రుల నుంచీ సీ1 మాత్రమే వచ్చిన మనిషిలో కూడా కేఐఆర్2డీఎల్1 జన్యువు సాధారణంగా ఉంటుంది, దానిని పైకి తెచ్చే ఎన్‌కే కణాలూ ఉంటాయి. పైగా ప్రతి ఎన్‌కే కణం తనకున్న కేఐఆర్ జన్యువులలో ఏవి పనిచేయించాలో దాదాపు యాదృచ్ఛికంగా ఎంచుకుంటుంది. కనుక సొంత హెచ్‌ఎల్‌ఏను చూడగల నిరోధక గ్రాహకం ఒక్కటి కూడా లేని కణాలు మన అందరి రక్తంలోనూ కొన్ని ఉంటాయి.

అవి మనలను ఎందుకు చంపవంటే, అవి మందకొడిగా ఉంటాయి కనుక. 2005లో యోకోయామా బృందం ఎలుకలలో చూపించిన దాని ప్రకారం, సొంత ఎమ్‌హెచ్‌సిని నిరోధక గ్రాహకం ద్వారా ఎరిగిన ఎన్‌కే కణానికే పూర్తి సామర్థ్యం వస్తుంది. ఆ పరిచయం లేని కణం బతికే ఉంటుంది, కానీ అదే ప్రేరణకు చాలా తక్కువగా స్పందిస్తుంది. మనుషుల్లోనూ ఇదే కనిపించింది. ఈ ప్రక్రియను కొందరు ‘లైసెన్సు’ అన్నారు, కొందరు ‘శిక్షణ’ అన్నారు. మరికొందరు, శిక్షణ లేక కాదు, అడ్డు లేకుండా నిరంతరం ప్రేరణ తగలడం వల్లనే ఆ కణం మొద్దుబారుతుందన్నారు. ఏ పేరు పెట్టినా ఫలితం మాత్రం తలకిందుగా వినిపిస్తుంది. ఆపే చెయ్యి ఎవరికి ఉందో వారే గట్టిగా కొట్టగలరు. ఒకటో తరగతి హెచ్‌ఎల్‌ఏను పైకి తేలేని అరుదైన జన్యులోపంతో పుట్టినవారి ఎన్‌కే కణాలు వారి శరీరాన్ని నాశనం చేయకపోవడానికి కారణం ఇదే.

ఈ స్థాయి ఒకసారి స్థిరపడితే మారదని అనుకోవద్దు. ఎదిగిన ఎన్‌కే కణాలను ఒక ఎలుక నుంచి ఎమ్‌హెచ్‌సి భిన్నంగా ఉన్న మరో ఎలుకకు మార్చినప్పుడు, కొత్త పరిసరాలకు తగినట్లుగా అవి తమ స్పందనను సవరించుకున్నాయి. వీణ తీగను గదిలోని చలికీ వేడికీ మళ్లీ మళ్లీ బిగించినట్లు ఇది నిరంతరం జరిగే శ్రుతి. పైగా మొద్దుబారిన కణాలు పనికిరానివి కావు. ఇంటర్‌ల్యూకిన్ వంటి సంకేతాలు పొంగినప్పుడు అవి మేల్కొంటాయి. ఎలుకల సైటోమెగాలోవైరస్ సోకినప్పుడు, లైసెన్సు లేని కణాలే ఎక్కువగా రక్షణ ఇచ్చాయని 2010లో వచ్చిన ఒక పరిశోధన చెప్పింది. సోకిన కణం హెచ్‌ఎల్‌ఏ వంటి అణువులను ఇంకా పట్టుకుని ఉన్నప్పుడు, వాటిని చూడలేని కణానికి అడ్డేమీ ఉండదు కదా.

ఇది మా రోగుల మంచాల పక్కకు కూడా వచ్చిన విషయం. సగం మాత్రమే సరిపోలే దాత నుంచి, ఉదాహరణకు తల్లి నుంచి బిడ్డకు, మూలుగ మూలకణాలను ఎక్కించినప్పుడు, దాత ఎన్‌కే కణాలు తమ శరీరంలో ఎరిగిన హెచ్‌ఎల్‌ఏ గుంపు రోగిలో లేకపోవచ్చు. అప్పుడు అవి రోగిలో మిగిలిన ల్యుకేమియా (రక్త క్యాన్సర్) కణాలను సొంత గుర్తు లోపించినవిగా చూస్తాయి. ఇటలీలోని పెరూజాలో లోరెడానా రుజ్జేరి, ఆండ్రియా వెలార్డి బృందం 2002లో ప్రచురించిన ఫలితాలలో, తీవ్ర మైలాయిడ్ ల్యుకేమియా రోగులలో ఇటువంటి పొంతన లేని జతలకు వ్యాధి తిరగబెట్టడం బాగా తగ్గింది. దాత టీ కణాలు చేసే హాని కూడా పెరగలేదు. అయితే ఆ మేలు పెద్దల లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియాలో కనిపించలేదు, మార్పిడి పద్ధతులు వేరైన ఇతర కేంద్రాలన్నింటిలోనూ అదే ఫలితం రాలేదు. దాతను ఎంచుకునేటప్పుడు ఇది ఆలోచించవలసిన విషయమే గానీ, ఇదొక్కటే నిర్ణయించే విషయం కాదన్నది నా అనుభవం.

మూడో సమాధానం: వైరస్‌ల మీద పనిచేస్తున్నవారు

మీ మూడో ప్రశ్న నా రంగానిది. వైరస్ హెచ్‌ఎల్‌ఏను తగ్గించేది ఎన్‌కే కణాల కోసం కాదు, టీ కణాల నుంచి తప్పించుకోవడానికి. హెచ్‌ఎల్‌ఏ గాడిలో కూర్చుని తన ప్రోటీన్ ముక్క పైకి వచ్చిందంటే, దానిని ప్రత్యేకంగా గుర్తుపట్టే టీ కణం వచ్చి ఆ కణాన్ని చంపుతుంది. ఆ ప్రమాదం పెద్దది. కనుక వైరస్ ముందు గొయ్యి తప్పించుకుని, వెనకున్న నుయ్యిని వేరే ఉపాయాలతో దాటుతుంది.

ఆ ఉపాయాలకు మానవ సైటోమెగాలోవైరస్‌ను మించిన ఉదాహరణ లేదు. అది యూఎస్2, యూఎస్3, యూఎస్6, యూఎస్11 అనే ప్రోటీన్లతో హెచ్‌ఎల్‌ఏను కణం లోపలే ఆపేస్తుంది లేదా నాశనం చేస్తుంది. తరువాత ఖాళీ అయిన చోట బొమ్మలను నిలబెడుతుంది. యూఎల్18 అనే వైరస్ ప్రోటీన్ హెచ్‌ఎల్‌ఏ ఆకారంలోనే ఉండి, ఎల్‌ఐఆర్–1 అనే నిరోధక గ్రాహకానికి అసలు హెచ్‌ఎల్‌ఏ కంటే వెయ్యి రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. యూఎల్40 చేసే పని ఇంకా సూక్ష్మం. హెచ్‌ఎల్‌ఏ–ఇ అనే అణువు, ఇతర హెచ్‌ఎల్‌ఏ ప్రోటీన్ల తొలి భాగం నుంచి తెగిపడిన చిన్న ముక్కను మోసుకుని పైకి వస్తుంది. ఎన్‌కే కణం మీది ఎన్‌కేజీ2ఎ అనే నిరోధక గ్రాహకం దానిని చూసి, లోపల హెచ్‌ఎల్‌ఏ తయారీ సవ్యంగా సాగుతోందని అర్థం చేసుకుని ఆగిపోతుంది. ఆ ముక్క మామూలుగా ట్యాప్ అనే రవాణా ద్వారం గుండా రావాలి. యూఎస్6 ఆ ద్వారాన్ని మూసేస్తుంది. కానీ యూఎల్40లో అచ్చం అదే ముక్క ఉంటుంది, అది ట్యాప్ అవసరం లేకుండానే హెచ్‌ఎల్‌ఏ–ఇకి చేరుతుంది. కర్మాగారాన్ని తగలబెట్టినవాడే దాని పొగగొట్టం నుంచి రోజూ పొగ వచ్చేలా చూసుకున్నట్లు.

రెండో పళ్ళెంలోని బరువును కూడా అది వదలదు. యూఎల్16 అనే ప్రోటీన్ మైక్‌బీనీ, యూఎల్‌బీపీలలో కొన్నింటినీ కణం లోపలే బంధిస్తుంది. మొదటి సమాధానంలో వచ్చిన యూఎల్‌బీపీ అనే పేరుకు అర్థం ‘యూఎల్16కు అంటుకునే ప్రోటీన్’ అని. మన కణాల ఆపద సంకేతాన్ని పరిశోధకులు మొదట వైరస్ పనిముట్టు ద్వారానే కనిపెట్టారు. ఎల్‌ఐఆర్–1 కూడా యూఎల్18 దేనికి అంటుకుంటుందో వెతుకుతుండగా దొరికినదే.

హెచ్‌ఐవీ దారి వేరు. దాని నెఫ్ ప్రోటీన్ హెచ్‌ఎల్‌ఏ–ఎ, హెచ్‌ఎల్‌ఏ–బిలను పొర మీద నుంచి దించేస్తుంది. టీ కణాలకు వైరస్ ముక్కలను ఎక్కువగా చూపించేవి అవే. కేఐఆర్‌లకు ప్రధానమైన హెచ్‌ఎల్‌ఏ–సినీ, హెచ్‌ఎల్‌ఏ–ఇనీ నెఫ్ చాలావరకు వదిలేస్తుంది. అయితే కొన్ని హెచ్‌ఐవీ రకాలు వీపీయూ అనే మరో ప్రోటీన్‌తో హెచ్‌ఎల్‌ఏ–సిని కూడా తగ్గిస్తాయని 2016లో తేలడంతో, కథ మనం అనుకున్నంత చక్కగా లేదని అర్థమయింది.

ఎన్‌కే కణాల వైపు నుంచి ఎదురుదెబ్బ కూడా ఉంది. ఎలుకల సైటోమెగాలోవైరస్ ఎమ్157 అనే నకిలీ ఎమ్‌హెచ్‌సిని తయారు చేస్తుంది. కొన్ని ఎలుక జాతులలో అది ఎల్‌వై49ఐ అనే నిరోధక గ్రాహకానికి అంటుకుని, వైరస్ కోరుకున్నట్లే ఎన్‌కే కణాన్ని నిద్రపుచ్చుతుంది. మరో జాతిలో మాత్రం ఎల్‌వై49హెచ్ అనే ప్రేరక గ్రాహకం అదే ఎమ్157ను పట్టుకుంటుంది, ఆ ఎలుకలు వైరస్‌ను తట్టుకుంటాయి. వైరస్ వేసుకున్న ముసుగే దానిని పట్టించింది. 2009లో జోసెఫ్ సన్, లూయిస్ లేనియర్ బృందం, ఈ ఎల్‌వై49హెచ్ కణాలు వైరస్ తగ్గిన తరువాత కూడా నెలల తరబడి మిగిలి, రెండోసారి మరింత గట్టిగా స్పందిస్తాయని చూపించింది. ఎన్‌కే కణాలకు జ్ఞాపకం లేదని రాసిన పాఠ్యపుస్తకాల వాక్యాన్ని కూడా మీరు సవరించుకోవలసి ఉంటుంది. మనుషుల్లో సైటోమెగాలోవైరస్ సోకినవారిలో ఎన్‌కేజీ2సి ఉన్న ఎన్‌కే కణాలు పెరిగి ఉంటాయి. అది ఎన్‌కేజీ2ఎకు తోబుట్టువే, అదే హెచ్‌ఎల్‌ఏ–ఇని చూస్తుంది, కానీ ఆపడానికి బదులు ప్రేరేపిస్తుంది.

ఇవన్నీ ప్రయోగశాలకే పరిమితమైన సూక్ష్మాలు అనుకోకూడదు. ఎన్‌కే కణాలు లేని ఒక కౌమార వయసు బాలికకు ఆటలమ్మ, సైటోమెగాలోవైరస్, హెర్పిస్ సింప్లెక్స్ ఒకదాని తరువాత ఒకటి ప్రాణాంతకమైన తీవ్రతతో వచ్చినట్లు 1989లో క్రిస్టీన్ బైరన్ బృందం నమోదు చేసింది. ఆ మూడూ హెర్పిస్ కుటుంబానికి చెందినవే.

ప్రశ్న అడిగినవారు మళ్లీ రాస్తున్నారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. ‘సొంత గుర్తు లేకపోతే చంపుతుంది’ అన్న వాక్యాన్ని పాఠం నుంచి తీసేస్తున్నాను. రెండు విషయాలు మిగిలాయి. చంపాలన్న నిర్ణయం జరిగాక, అంత దగ్గరగా ఆనుకుని విషాన్ని వదిలిన ఎన్‌కే కణం తాను ఎలా బతికి బయటపడుతుంది? ఒత్తిడిలో ఉన్న ప్రతి కణం సంకేతం ఇస్తున్నప్పుడు క్యాన్సర్ ఎలా పెరుగుతోంది?

మొదటి సమాధానం రాసినవారు

మొదటిదానికి సమాధానం ఇటీవలే స్పష్టపడింది. ఎన్‌కే కణం లక్ష్యానికి ఎల్‌ఎఫ్‌ఏ–1 అనే అతుకుడు ప్రోటీన్‌తో గట్టిగా అంటుకుని, తన కణికలన్నింటినీ సూక్ష్మనాళికల మీదుగా ఆ స్పర్శ దగ్గరికి చేరుస్తుంది. కణికలు తెరుచుకున్నప్పుడు పెర్ఫోరిన్ బయటపడి, కాల్షియం సమక్షంలో ఎదుటి పొరలో గొలుసుగా చేరి రంధ్రాలు చేస్తుంది. ఆ దారిన గ్రాంజైములు లోపలికి వెళ్లి, ఆ కణానికే ఉన్న మరణ యంత్రాంగాన్ని కదిలిస్తాయి. గ్రాంజైమ్ బి చేసే ముఖ్యమైన పనులలో, కణ మరణాన్ని నడిపే కాస్పేస్–3 అనే ఎంజైమును కోసి మేల్కొల్పడం ఒకటి. కణికల లోపల ఉన్నంతసేపూ ఆమ్లత్వం వల్ల పెర్ఫోరిన్ పనిచేయదు. బయటికి వచ్చాక, హంతక కణం వైపు పొరలోని కొవ్వు అణువులు చాలా క్రమబద్ధంగా గట్టిగా పేర్చబడి ఉంటాయి కనుక దానికి పెర్ఫోరిన్ సరిగా అంటుకోలేదు. అంటుకున్న కొద్దిపాటి పెర్ఫోరిన్‌ను కూడా ఆ పొర మీద బయటపడిన ఫాస్ఫటిడిల్‌సెరీన్ అనే కొవ్వు అణువు బంధించి, రంధ్రంగా మారనీయదు. ఇది 2019లో, ఇదే పద్ధతిలో చంపే హంతక టీ కణాలలో వచ్చిన ఫలితం. ఒకే ఎన్‌కే కణం వరుసగా అనేక లక్ష్యాలను చంపగలగడం దీనివల్లనే సాధ్యం. మొదటి హత్యలు గ్రాంజైములతో వేగంగా జరుగుతాయి, కణికలు తరిగాక అది ఫాస్ లైగాండ్ వంటి అణువులతో ఎదుటి కణం మీది మరణ గ్రాహకాలను తట్టే దారికి మారుతుంది, ఆ చావు నెమ్మదిగా వస్తుంది.

చంపడం ఒక్కటే దాని స్పందన కాదన్నది కూడా పాఠంలో చేర్చండి. ఇంటర్‌ఫెరాన్ గామాను వదిలి చుట్టుపక్కల కణాల మీద హెచ్‌ఎల్‌ఏను పెంచుతుంది, అంటే టీ కణాలకు దారి చూపిస్తుంది. ఎక్స్‌సీఎల్1, సీసీఎల్5 వంటి రసాయన సంకేతాలతో, టీ కణాలకు ప్రోటీన్ ముక్కలను చూపించే డెండ్రైటిక్ కణాలను రప్పిస్తుంది.

క్యాన్సర్ విషయానికి వస్తే, వైరస్ చేసే పనినే కంతి వేరే దారిలో చేస్తుంది. అనేక కంతులు మైకా అణువులను ఎంజైములతో కోసి రక్తంలోకి జార్చేస్తాయి. పొర మీద సంకేతం తగ్గడమే కాదు, జారిన మైకా ఎన్‌కేజీ2డికి అంటుకుని, ఆ గ్రాహకమే కణం లోపలికి మునిగిపోయేలా చేస్తుంది. కంతి పరిసరాల్లో పుష్కలంగా ఉండే టీజీఎఫ్–బీటా అనే సంకేత ప్రోటీన్ కూడా ఎన్‌కేజీ2డిని తగ్గిస్తుంది. అన్నిటికీ మించి, గట్టి కంతులలో చాలావాటి లోపలికి ఎన్‌కే కణాలు వెళ్లనే వెళ్లవు. రక్త క్యాన్సర్లలో ఆ అడ్డంకి లేకపోవడం వల్లనే చికిత్స ప్రయత్నాలు అక్కడ ముందుగా ఫలించాయి. 2020లో కేటీ రెజ్వానీ బృందం, బొడ్డుతాడు రక్తం నుంచి తీసిన ఎన్‌కే కణాలకు, బీ లింఫోసైట్ల మీద ఉండే సీడీ19 అనే అణువును గుర్తించే కృత్రిమ గ్రాహకాన్ని అమర్చి 11 మంది రోగులకు ఇచ్చినప్పుడు, 8 మందిలో స్పందన కనిపించింది, వారిలో 7గురికి వ్యాధి పూర్తిగా ఉపశమించింది. టీ కణాల చికిత్సలో భయపెట్టే సైటోకైన్ ఉప్పెన (రోగనిరోధక సంకేతాలు ఒక్కసారిగా పొంగడం) గానీ, దాత కణాలు రోగి శరీరంపై తిరగబడటం గానీ వారిలో కనిపించలేదు. 11 మంది అన్నది చిన్న సంఖ్య, వారిలో చాలామందికి ఆ తరువాత ఇతర చికిత్సలు కూడా ఇచ్చారు.

రెండో సమాధానం రాసిన వైద్యురాలు

తరగతిలో చూపించడానికి ఒక చిన్న సూచన. కే562 అనే ల్యుకేమియా కణాల మీద ఒకటో తరగతి హెచ్‌ఎల్‌ఏ దాదాపు ఉండదు, ప్రేరక సంకేతాలు మాత్రం ఉంటాయి. అందుకే దశాబ్దాలుగా ఎన్‌కే కణాలను పరీక్షించే ప్రయోగశాలలన్నీ వాటినే లక్ష్యంగా పెడతాయి. వాటి పక్కన ఎర్ర రక్తకణాన్నీ, ఆ పక్కన ఆరోగ్యంగా ఉన్న లింఫోసైట్‌నూ గీసి, ఒక్కొక్కదాని మీద రెండు పళ్ళేలలో ఏమేమి ఉన్నాయో విద్యార్థులనే నింపమనండి. నాలుగో బొమ్మగా 721.221 అనే కణాన్ని గీయవచ్చు. దానికి హెచ్‌ఎల్‌ఏ–ఎ, బి, సి మూడూ లేవు. ఒక్క సీ2 గుంపు హెచ్‌ఎల్‌ఏ–సి జన్యువును దానిలో పెడితే, కేఐఆర్2డీఎల్1 ఉన్న ఎన్‌కే కణాలు దానిని వదిలేస్తాయి, సీ1ను మాత్రమే చూడగలవి చంపుతూనే ఉంటాయి.